ఉత్తరాలతో నవల నడపడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలోని మా పాత ఇంట్లో, వసారా తలుపు వెనక మేకుకు, కొక్కెంలా వంచిన ఇనుప తీగ ఒకటి వేలాడుతూ ఉండేది. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ చదివిన తరువాత మా తాతగారు ఆ తీగకు గుచ్చేవారు. కార్డు ముక్కలు, ఇన్‌లాండ్ కవర్లు, శుభలేఖలు, కరెంటు బిల్లులు అన్నీ దానికే. ఆయన పోయిన కొన్నాళ్ళకు ఆ తీగ దించి, ఉత్తరాలు ఒక్కొక్కటే తీసి చదివినప్పుడు నాకు మూడు సంగతులు తెలిసివచ్చాయి. పైనున్నది అన్నిటికన్నా కొత్త ఉత్తరం కాబట్టి, చదువుతున్నకొద్దీ కాలం వెనక్కి నడుస్తుంది. తగవు తీరిన ఉత్తరం ముందు కనబడి, తగవు మొదలైన ఉత్తరం గంట తరువాత చేతికి వస్తుంది. తీగ దిగిన చోట ప్రతి ఉత్తరంలోనూ ఒక మాట చిరిగిపోయి ఉంటుంది, అది ఏ మాటో చదివేవాడే పూరించుకోవాలి. ఇక మూడవది, ఈ వ్యాసానికంతటికీ మూలమైనది: ఆ ఉత్తరాల్లో ఒక్కటి కూడా నాకోసం రాసినది కాదు.

విజయవాడలో పుస్తకాలు వేసేవారికి రాతప్రతులు చదివిపెట్టే పని నేను కొన్నేళ్ళుగా చేస్తున్నాను. ఉత్తరాల రూపంలో వచ్చే నవలల్లో నాకు పదే పదే కనబడే లోపం ఒకటే. ఆ ఉత్తరాలు చిరునామాలో ఉన్న మనిషికి కాక పాఠకుడికి రాసినట్లు ఉంటాయి. విజయవాడ సత్యనారాయణపురంలో ఉన్న అక్క గుంటూరులో ఉన్న తమ్ముడికి ఉత్తరం రాస్తోందనుకోండి. సాధారణంగా నాకు వచ్చే ప్రతుల్లో ఆ ఉత్తరం ఇలా మొదలవుతుంది:

“ప్రియమైన తమ్ముడికి, నీకు తెలుసు కదా, మన నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగా పనిచేసి మూడేళ్ళ క్రితం గుండెపోటుతో మరణించారు. అప్పటినుంచి అమ్మ నీ దగ్గరే ఉంటోంది. అమ్మ కాసులపేరు విషయంలో మన ఇద్దరికీ మనస్పర్ధలు వచ్చాయి.”

తమ్ముడికి తెలిసిన సంగతిని అక్క తమ్ముడికి ఎందుకు చెబుతోంది? పాఠకుడికి తెలియదు కాబట్టి. ఆ క్షణంలోనే అక్క మాయమై రచయిత బయటపడిపోతాడు. అదే అక్క నిజంగా రాస్తే ఇలా రాస్తుంది:

“నాన్న తద్దినానికి నీ దగ్గరనుంచి కబురు రాలేదు. పోస్టులో ఎక్కడైనా ఆగిందేమోనని వారం రోజులు చూశాను. అమ్మ మోకాళ్ళకు నేను పంపిన తైలం అయిపోయి ఉంటుంది, కొత్త సీసా పంపుతున్నాను, మీ ఆవిడ చేత కాకుండా నువ్వే రాయి. కాసులపేరు మాట నేను ఎత్తను. నువ్వూ ఎత్తకు.”

తండ్రి పోయాడని, తల్లి ఎవరి దగ్గర ఉందో, మరదలి మీద ఆడపడుచుకు ఎంత నమ్మకమో, అన్నిటికీ మించి కాసులపేరు మాట ఎత్తనంటూనే ఎత్తిందని, ఎవరూ చెప్పకుండానే పాఠకుడు గ్రహించాడు. ఇంకొకరి భుజం మీదుగా తొంగి చూసి తానే కనిపెట్టిన సంగతిని పాఠకుడు అంత తేలిగ్గా మరిచిపోడు. కాబట్టి మొదటి పని ఇది: ఉత్తరం పూర్తయ్యాక, అందుకునే మనిషికి ముందే తెలిసిన వాక్యాలన్నిటి కింద పెన్సిలు గీత గీయండి. గీత పడిన వాక్యం తెలిసిన సంగతిని దెప్పడానికో, గుర్తుచేసి బతిమాలడానికో వచ్చినదైతే ఉంచండి. ఊరికే సమాచారం కోసం వచ్చినదైతే కొట్టివేయండి.

దీనికన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. వీళ్ళు అసలు ఉత్తరాలు ఎందుకు రాసుకుంటున్నారు? గుంటూరుకూ విజయవాడకూ మధ్య దూరం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. రైలెక్కితే గంట పట్టదు. ఇంత దగ్గర ఉన్నవాళ్ళు కాగితం మీద మాట్లాడుకుంటున్నారంటే ఎదురుపడలేని కారణం ఏదో ఉండాలి, ఆ కారణమే చాలాసార్లు నవలకు వెన్నెముక అవుతుంది. మొహం చూసుకోనంత తగవు, జైలు, ఫోను దగ్గర ఉంచుకోనివ్వని కాలేజీ హాస్టలు, వినికిడి పోయిన తండ్రి, ఇలా ఏదైనా కావచ్చు. కారణం లేకపోతే, ఆ కథను మామూలు కథనంలోనే చెప్పుకోవడం మేలు.

సంబోధన చేసే పని

మన భాషలో ఉత్తరం రాసేవారికి దొరికే సదుపాయం సంబోధన. “మహారాజరాజశ్రీ”, “చి.ల.సౌ.”, “ఆశీర్వదించి వ్రాయునది ఏమనగా”, “ఉభయకుశలోపరి”, “ఇక్కడ మేమంతా క్షేమం” వంటి వాటిని చాలామంది పాతకాలపు వాసన కోసం మాత్రమే చల్లుతారు. అవి అంతకన్నా పెద్ద పని చేస్తాయి. ఒక మేనమామ తన మేనకోడలికి పది ఉత్తరాల పాటు “చి.ల.సౌ.” అని రాస్తూ వచ్చి, పదకొండవ ఉత్తరం “గంగాభాగీరథీ సమానురాలైన” అని మొదలుపెట్టాడనుకోండి. ఆమె భర్త పోయాడన్న వార్తకు వేరే వాక్యం అక్కరలేదు. ఆ మర్యాద ఎంత కఠినమైనదో, అది పోవడం ఎంత మంచిదైందో వేరే మాట. ఆ కాలపు కథ రాసేవారు దాన్ని వాడుకోకపోతే మాత్రం చేతిలో ఉన్న పదునైన పనిముట్టును పక్కన పడేసినట్లే.

ఈ కాలపు కథకూ ఇది వర్తిస్తుంది. “ఒరేయ్” అని రాసే అక్క “తమ్ముడికి” అని రాసిన రోజున, “నువ్వు” అని రాసే తమ్ముడు “మీరు చెప్పినట్లే కానివ్వండి” అని రాసిన రోజున, ఆ ఇంట్లో ఏదో విరిగింది. కోపం వచ్చినప్పుడు మనవాళ్ళు మర్యాద పెంచుతారు. అందువల్ల “నాకు చాలా కోపంగా ఉంది” అని రాయించవద్దు. “మీరు” అని రాయించండి, చాలు. అలాగే “ఇట్లు” తరువాత ఏమి ఉంటుందో ప్రతి పాత్రకూ ఒక చీటీ మీద ముందే రాసిపెట్టుకోండి. సంతకం కింద ఎప్పుడూ “వెంటనే జాబు రాయి” అని వేసే తల్లి ఒక ఉత్తరంలో ఆ మాట మరిచిపోతే, జాగ్రత్తగా చదివే పాఠకుడు తప్పక ఆగి చూస్తాడు.

రాసేవారొకరు, చెప్పేవారొకరు

చదువురాని తల్లి పక్కింటి పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఉత్తరం రాయించడం మన పల్లెల్లో ఒకనాడు ఇంటింటా జరిగేది. నవలాకారుడికి ఇంతకన్నా చక్కని ఏర్పాటు దొరకదని నా అభిప్రాయం, ఎందుకంటే ఒకే కాగితం మీద రెండు గొంతులు ఉంటాయి, పైగా పిల్లవాడు వింటున్నాడు కాబట్టి తల్లి చెప్పలేనివి కొన్ని ఉంటాయి. నేను కల్పించిన ఒక ఉత్తరం చూడండి. రాసిన చోటు దివిసీమలోని నాగాయలంక. అందుకునేది గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు. తేదీ 1977 నవంబరు 17, గురువారం.

“చి. అమ్మాయికి అమ్మ దీవెనలు. మేము క్షేమం. గేదె ఈనింది, పెయ్య దూడ. చేను బాగా పండింది, కోతలు పదిరోజుల్లో అంటున్నారు. పున్నమికి సెలవు ఇస్తే రా, కాలవలో దీపాలు వదులుదాం. మీ నాన్న సంగతి వచ్చాక చెప్తాను, ఈ పిల్లోడి చేత రాయించే సంగతి కాదు. అన్నం సరిగ్గా తిను. ఇట్లు అమ్మ. అక్కా, పిన్ని మెల్లగా చెప్పమంటే చెప్పడం లేదు, అందుకే కొట్టివేతలు. వచ్చేటప్పుడు నాకు రంగు పెన్సిళ్ళు తేవా.”

రెండు రోజుల తరువాత, నవంబరు 19న, దివిసీమను ఉప్పెన ముంచివేసి వేల ప్రాణాలు తీసుకుందని కృష్ణా, గుంటూరు జిల్లాల పాఠకుడికి ఒకరు చెప్పనక్కరలేదు. ఉత్తరంలో మబ్బు కూడా లేదు. గాలి హోరు, చెడు కల, కుడికన్ను అదరడం వంటి సూచన ఒక్కటి పెట్టినా ఉత్తరం పాడవుతుంది, ఎందుకంటే రాసిన తల్లికి ఏమీ తెలియదు. తెలిసినది తేదీ చూసిన పాఠకుడికి మాత్రమే. పిల్లవాడు “ఈ పిల్లోడి చేత” అన్న మాటను కూడా విన్నది విన్నట్లే రాసేయడం వల్ల ఒక చిన్న నవ్వు వస్తుంది, ఆ నవ్వు వెనకనే తండ్రి సంగతి ఏమిటన్న ప్రశ్న మిగిలిపోతుంది. తరువాత నవల ఆ ప్రశ్న చుట్టూ ఎంత దూరమైనా తిరగవచ్చు.

కాగితం రకం కూడా కథే

మీ పాత్ర రాస్తున్నది దేని మీద? కార్డు మీద రాసినది పోస్టుమాను చదువుతాడు, గుమ్మంలో అందుకున్న మామగారు చదువుతారు, ఆఖరికి కోడలు చదువుతుంది. పుట్టింటివాళ్ళు కార్డు మీద రాసే మాటలన్నీ అందుకే నలుగురూ వినదగ్గవిగా ఉంటాయి, అసలు మాట ఏదో ఒక కుటుంబ సంకేతంలో దాక్కుంటుంది. ఇన్‌లాండ్ కవరు అంటిస్తారు కాబట్టి కొంత చాటు ఉంటుంది గాని, దానిలో ఇంకో కాగితం పెట్టడానికి వీలులేదు. చోటు అయిపోయాక మడతల అంచుల్లో, అడ్డంగా, చీమతలకాయంత అక్షరాలతో ఇరికించే మాటే తరచు ప్రాణం లాంటి మాట అవుతుంది. దళసరి కవరు వచ్చిందంటే ఫోటోయో, జాతకమో, పది పేజీల ఆరోపణో లోపల ఉంటుంది. రిజిస్టరు ఉత్తరం వస్తే సంతకం పెట్టేముందే చేయి వణుకుతుంది, అందులో లాయరు నోటీసు ఉంటుందేమోనని. శుభలేఖకు నాలుగు మూలలా పసుపు ఉండాలి.

కాలం విషయంలో జారిపోవద్దు. 6 అంకెల పిన్‌కోడు మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. 1965 నాటి ఉత్తరం మీద 522002 అని వేస్తే పట్టుకునే పాఠకులు గుంటూరులో వీధికి ఇద్దరుంటారు. టెలిగ్రాం సేవ 2013 జులైలో ముగిసింది. రిజిస్టరు పోస్టును 2025 సెప్టెంబరు 1నుంచి స్పీడు పోస్టులో కలిపేశారు. 1930ల నాటి చిరునామాలో విజయవాడ అని కాక బెజవాడ అని రాయండి. మెయిలు రైలుకు అందాలని రాత్రివేళ స్టేషనుకు పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆర్.ఎం.ఎస్. (రైల్వే మెయిల్ సర్వీసు) డబ్బాలో ఉత్తరం వేయడం కూడా బెజవాడవారికి తెలిసిన పనే. ఒక మనిషి ఎంత తొందరలో ఉన్నాడో చెప్పడానికి అది బాగా పనికివస్తుంది.

నోటుబుక్కులో నాలుగు గడులు

నవల మొదలుపెట్టేముందు ఒక నోటుబుక్కులో నాలుగు నిలువు గడులు గీసుకోండి: రాసిన తేదీ, వేసిన తేదీ, అందిన తేదీ, విప్పి చదివిన తేదీ. ఈ నాలుగూ ఒకటి కావు, ఉత్తరాల కథలోని ఉద్వేగమంతా వాటి మధ్యనున్న సందుల్లోనే పుడుతుంది. అక్క సోమవారం క్షమించమని రాసి వేసింది; తమ్ముడు అదే సోమవారం ఇక మన మధ్య ఏమీ లేదని రాసి వేశాడు; రెండు ఉత్తరాలూ కృష్ణ మీది రైలు వంతెన దగ్గర ఎదురుపడ్డాయి. మంగళవారం ఇద్దరూ అందుకున్నది తాము రాసినదానికి జవాబు కాదు, అయినా జవాబేనని ఇద్దరూ అనుకున్నారు. ఇలాంటి మెలిక మామూలు కథనంలో బలవంతంగా తెచ్చినట్లు ఉంటుంది. ఉత్తరాల్లో సహజంగా ఒదుగుతుంది.

చిరునామా తప్పు కూడా అంతే. బ్రామ్ స్టోకర్ 1897లో ప్రచురించిన ‘డ్రాక్యులా’ అంతా ఉత్తరాలు, డైరీలు, టెలిగ్రాములు, పత్రికల కత్తిరింపులతో నడుస్తుంది. అందులో ఆ రాత్రి ఒక అమ్మాయికి కాపలా ఉండమని పంపిన టెలిగ్రాం, చిరునామాలో జిల్లా పేరు లేనందువల్ల వేరే ఊరికి పోయి 22 గంటలు ఆలస్యంగా అందుతుంది. జరగవలసిన ఘోరం ఆ లోపలే జరిగిపోతుంది. రచయిత దానిగురించి ఒక్క వాక్యం వ్యాఖ్యానించడు. టెలిగ్రాం పైన ఆలస్యంగా అందినట్లు ఒక చిన్న గమనిక మాత్రమే ఉంటుంది. మన బ్రాడీపేటలో జిల్లా పేరు మరిచిపోనక్కరలేదు. 4వ లైను, 2వ అడ్డరోడ్డు అని రాయవలసిన చోట 2వ లైను, 4వ అడ్డరోడ్డు అని రాస్తే చాలు, ఉత్తరం ఇంకొకరి గుమ్మంలో పడుతుంది. మా ఇంటి తీగకు కూడా మావి కాని ఉత్తరాలు రెండు దొరికాయి, అవి అసలు మనుషులకు ఎప్పటికీ చేరలేదన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

ఎన్ని గొంతులు?

ఒకే మనిషి ఉత్తరాలతో నడిపితే పాఠకుడు ఆ మనిషి మనసులో బందీ అవుతాడు. 1774లో జర్మన్ రచయిత గొయితే రాసిన వెర్థర్ కథలో ఇంచుమించు అన్నీ వెర్థర్ రాసిన ఉత్తరాలే; జవాబులు మనకు కనబడవు. చివరికి అతడు రాయలేని స్థితికి చేరగానే ‘సంపాదకుడు’ అనే మూడవ మనిషి వచ్చి కథ ముగించవలసి వచ్చింది. ఉత్తరం రాసే పాత్రను చంపదలచినవారు ఆ తరువాత కలం ఎవరి చేతికి వెళుతుందో ముందే నిర్ణయించుకోవాలి.

పలువురి గొంతులు పెడితే ఫలితం వేరు. ఫ్రెంచి రచయిత లాక్లో 1782లో ప్రచురించిన నవలలో 175 ఉత్తరాలున్నాయి. ఒకామెను ప్రేమతో కరిగిస్తున్న ఉత్తరం చదివిన వెంటనే, అదే మనిషి తన నేస్తురాలికి ఆ వ్యవహారాన్ని వేటలా వర్ణిస్తూ రాసిన ఉత్తరం మన చేతికి వస్తుంది. అబద్ధమని ఎవరూ చెప్పరు, రెండు కాగితాలు పక్కపక్కన పెడతారు, అంతే. ఈ పద్ధతి రుచి చూసినవారు ఆపలేరు గాని, గొంతులు వేరువేరుగా పలికించే శక్తి ఉంటేనే దీనికి పూనుకోవాలి. నేను కుర్రతనంలో రాసిన ఉత్తరాల నవలిక ఒకటి ఒక వారపత్రికకు పంపితే, “మామగారూ అల్లుడూ ఒకే మనిషిలా రాస్తున్నారు, బహుశా ఆ మనిషి మీరే” అని కార్డు మీద రాసి తిప్పి పంపారు. అవమానంతో వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు గాని, ఆ కార్డు మాత్రం తీగకు గుచ్చే ఉంచాను. ఇప్పుడు నేను చెప్పే పరీక్ష ఏమిటంటే, సంబోధనా సంతకమూ అరచేతితో మూసి ఉత్తరం మధ్యభాగం ఇంకొకరికి చదివి వినిపించండి. ఎవరు రాశారో వాళ్ళు చెప్పగలగాలి. ఒకరు కామాలు లేకుండా పరుగెత్తుతారు, ఒకరు ప్రతి సంగతికీ ఖర్చు లెక్క జోడిస్తారు, ఒకరికి సామెత లేనిదే వాక్యం ముగియదు.

ఉత్తరానికి చేతకాని పని ఒకటుంది. జరుగుతున్నదాన్ని అప్పటికప్పుడు చూపించలేదు. లండనులో ముద్రాపకుడైన రిచర్డ్‌సన్, ఉత్తరాలు రాయడం రానివారికోసం నమూనా ఉత్తరాల పుస్తకం రాయమని పుస్తక వ్యాపారులు అడిగితే, ఆ పనిలో ఉండగానే తట్టిన ఊహతో 1740లో ‘పమేలా’ ప్రచురించాడు. ఆపద గుమ్మం దాకా వచ్చినా నాయిక రాస్తూనే ఉంటుంది. మరుసటి సంవత్సరమే ఫీల్డింగ్ అనే మరో ఆంగ్ల రచయిత దాన్ని వెక్కిరిస్తూ, ప్రమాదం పక్కకు వచ్చినా కలం వదలని నాయికను సృష్టించాడు. మీ పాత్ర దొంగలు పడిన ఇంట్లో కూర్చుని దొంగలగురించి రాయకూడదు. తెల్లవారిన తరువాత, చేతులు కుదుటపడ్డాక రాయాలి. సంభాషణలు కూడా పేజీలకొద్దీ పెట్టవద్దు. ఎదుటివారు అన్న పది మాటల్లో గుచ్చుకున్న ఒక్క మాటనే మనం ఉత్తరంలో ఎత్తిరాస్తాం.

వాట్సాప్ సందేశాలతో ఇదే పని చేయవచ్చునా అని అడుగుతుంటారు. చేయవచ్చు గాని అక్కడ ఎదురుచూపు వారాలు కాదు, నిమిషాలు. నీలం టిక్కులు పడ్డాక జవాబు రాకపోవడం, పంపినది చెరిపేసిన గుర్తు మిగలడం అక్కడి మెలికలు. అది వేరే రూపం, దానికి వేరే కొలతలు కావాలి.

ఉత్తరాల వరుస చివరగా నిర్ణయించండి. అన్నీ రాసిన తరువాత వాటిని నిజంగానే విడి కాగితాలుగా తీసి నేల మీద పరచండి. ఏ ఉత్తరం తీసేస్తే కథ అర్థమవుతూనే ఇంకా బాగుంటుందో వెతకండి. అది దొరికినప్పుడు దాన్ని తీసివేసి, దాని తరువాతి ఉత్తరంలో “నువ్వు రాసిన రెండో పేజీ చదివాక నాకు అన్నం సయించలేదు” వంటి ఒక్క వాక్యం మిగల్చండి. ఆ రెండో పేజీని పాఠకుడికి ఎప్పుడూ చూపించవద్దు. ముగింపుకు అందరినీ ఒకచోట చేర్చి కౌగలించుకునే దృశ్యం కావాలని మనసు లాగుతుంది గాని, అందరూ ఒకచోట ఉంటే ఉత్తరం రాసేవారు ఉండరు. ఆఖరి ఉత్తరం తరువాత వాళ్ళు కలుసుకున్నారన్న సంగతి ఇకమీద ఉత్తరాలు లేకపోవడం వల్లనే తెలియనివ్వండి. లేదా పోస్టుమాను పెన్సిలుతో “ఇల్లు తాళం” అని రాసి తిప్పి పంపిన, ఇంకా విప్పని ఒక కవరుతో ఆపేయండి.